ఎర్రమందు డీఎన్‌ఏలో ఎక్కడ కూర్చుంటుంది?

పోయిన నెల ఈ శీర్షికలో డీఎన్‌ఏ నిర్మాణం గురించి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ మందుల గురించే. ఒకే ఇంట్లో పెద్దవాళ్లు కీమో తీసుకుంటున్నారు, పిల్లలు ఎమ్మెస్సీలో, ఫార్మసీలో చేరి అవే మందుల బొమ్మలు కంప్యూటర్‌లో తిప్పి చూస్తున్నారు. అందుకే ఈసారి పేజీలన్నీ ఈ విషయానికే. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు భౌతిక రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, డాక్టరును కాను. మందు అణువు ఏం చేస్తుందో చెప్పగలను. మీ ఇంట్లో మనిషికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి ఎర్ర ఇంజెక్షన్ ఎక్కిస్తున్నారు. బీఫార్మసీ చదివే మా తమ్ముడు ఆ మందు డీఎన్‌ఏ మధ్యలో దూరినట్టు కంప్యూటర్‌లో బొమ్మ చూపించాడు. నిజంగా అట్లే ఉంటుందా, ఊహించి గీసిందా? అట్లా చూసి మా అమ్మకు మందు పనిచేస్తుందో లేదో ముందే చెప్పచ్చా మేడమ్?
— ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ఊహించి గీసింది కాదమ్మా. మీరు చెప్పిన ఎర్రమందు డాక్సోరూబిసిన్ అయి ఉండాలి, లేదంటే దానికి దగ్గరి ఎపిరూబిసిన్. ఈ కుటుంబంలో మొదటిది డానోరూబిసిన్. 1950లలో ఇటలీలో కాస్టెల్ డెల్ మోంటే అనే కోట దగ్గరి మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే ఎర్ర పదార్థం అది. ఆ బాక్టీరియాలో మార్పు తెచ్చి పెంచితే డాక్సోరూబిసిన్ వచ్చింది. 1969లో ఆ సంగతి ప్రకటించారు. దగ్గరున్న ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద దానికి అడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఆ పేరు వినపడుతుంది. దాని వలయాల అమరిక వల్లే ఆ ఎరుపు. ఇంజెక్షన్ అయ్యాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే, టెన్షన్ పడొద్దు. ఆ తర్వాత కూడా వస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

ఇలాంటి చదునైన అణువులు డీఎన్‌ఏ పొరల మధ్యకు దూరుతాయని 1961లో లియొనార్డ్ లెర్మన్ మొదట ప్రతిపాదించాడు. 1980లో అమెరికాలో ఎంఐటీకి చెందిన అలెగ్జాండర్ రిచ్ బృందం డానోరూబిసిన్‌ను ఒక చిన్న డీఎన్‌ఏ ముక్కతో కలిపి స్ఫటికంగా పెంచి, ఎక్స్-కిరణాలతో అణువుల స్థానాలు కొలిచింది. 1990 నాటికి డాక్సోరూబిసిన్‌కూ ఆ కొలతలు వచ్చాయి. మీ తమ్ముడు చూపించిన బొమ్మ బహుశా ఆ కొలతల నుంచి పుట్టిందే.

బేతంచెర్ల నాపరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర మీరు చూసే ఉంటారు. మధ్యలో ఇంకో బండ దూర్చాలంటే పై బండల్ని గడ్డపారతో లేపాలి. దూర్చాక దొంతర ఎత్తు ఒక బండ మందం పెరుగుతుంది. డీఎన్‌ఏలో రెండు పోగుల్నీ కలిపే మెట్ల లాంటి బేస్ జతలు అట్లే ఒకదాని మీద ఒకటి, 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో ఉంటాయి. సెంటీమీటరును పది కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఆంగ్‌స్ట్రామ్. మందులోని చదును వలయాలు రెండు జతల మధ్య దూరినప్పుడు ఆ ఎడం దాదాపు 6.8 అవుతుంది, డీఎన్‌ఏ మెలిక కొంచెం విప్పుకుంటుంది. మందుకు తగిలి ఉన్న చక్కెర భాగం మాత్రం లోపలికి పోదు. అది పక్కన మైనర్ గ్రూవ్ అనే సన్న గాడిలో కూర్చుంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ బొమ్మ చూసి అమ్మకు పనిచేస్తుందో లేదో చెప్పలేం. ఎందుకంటే డాక్సోరూబిసిన్ ఎవరి డీఎన్‌ఏలోనైనా, గడ్డలోనైనా మంచి కణంలోనైనా అదే తీరుగా దూరుతుంది. మనిషికీ మనిషికీ తేడా వచ్చేది ఆ తర్వాతి మెట్టులో. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు చిక్కులు పడతాయి. వాటిని తీయడానికి కణంలో టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైమ్ ఉంది. అది రెండు పోగుల్నీ తెంచి, చిక్కు తీసి, మళ్లీ అతికిస్తుంది. మందు ఆ తెగినచోట చేరి అతకనివ్వదు. తెగిన డీఎన్‌ఏతో కణం చచ్చిపోతుంది. ఇది 1984లో బయటపడింది. ఈ ఎంజైమ్ ఎంత ఉంది, కణం మందును బయటికి తోసేస్తోందా, తెగినదాన్ని బాగుచేసుకుంటోందా అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది. వీటిలో ఒక్కటీ ఆ బొమ్మలో ఉండదు. అమ్మకు పనిచేస్తోందో లేదో తెలిసేది గడ్డ కొలతల్లో, స్కాన్‌లో.

జుట్టు రాలడం, నోట్లో పుండ్లు, రక్తకణాలు తగ్గడం కూడా ఇందువల్లే. అక్కడి కణాలన్నీ వేగంగా విభజన చెందేవి. గుండె సంగతి వేరు. ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి జీవితం మొత్తంలో ఎంత ఇచ్చారో లెక్క ఉంచుతారు. డాక్సోరూబిసిన్ అయితే శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు, చాలాచోట్ల అంతకు ముందే ఆపుతారు. ఎకో పరీక్ష ఎందుకు రాస్తున్నారో ఇప్పుడు అర్థమైంది కదా. దాన్ని వాయిదా వేయకండి. పాత ఆసుపత్రి కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి, ఆసుపత్రి మారితే ఆ లెక్క వాటిలోనే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆటోడాక్ వీనాతో డాక్సోరూబిసిన్‌ను 1బిఎన్ఏ అనే డీఎన్‌ఏకి డాక్ చేశాను. ఎన్నిసార్లు చేసినా మందు మైనర్ గ్రూవ్‌లోనే పడుతోంది, బేస్ జతల మధ్యకు పోవడం లేదు. స్కోరు బాగుంది కదా, అదే రాసెయ్ అంటున్నారు. రాయాలా?
— ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: రాయొద్దు నాయనా. నువ్వు సరైన చోట ఆగావు. నీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే చాలామంది స్కోరు చూసుకుని ముందుకు పోతారు, బొమ్మ తెరిచి చూడరు.

మిగతా పాఠకుల కోసం ఒక మాట: డాకింగ్ అంటే మందు అణువు ఎక్కడ, ఎట్లా సర్దుకుంటుందో కంప్యూటర్‌లో వెతకడం. వీనా ఆ పని చేసే ప్రోగ్రాం. ఎంత గట్టిగా అతుక్కుంటుందో అది వేసే అంచనా అంకె స్కోరు, ఎంత ఎక్కువ మైనస్ అయితే అంత గట్టి. 1బిఎన్ఏ అంటే డికర్సన్ బృందం 1981లో ప్రచురించిన 12 జతల డీఎన్‌ఏ. అందులో మందు లేదు కాబట్టి జతల మధ్య ఖాళీ లేదు. వీనా నీ మందును మెలితిప్పుతుంది, తిప్పి పెడుతుంది, కానీ డీఎన్‌ఏను మాత్రం కదలనివ్వదు. నాపరాళ్ల దొంతర ఉంది, గడ్డపార లేదు. అందుకని ఉన్నంతలో ఇరుకైన, సుఖమైన చోటు వెతుక్కుని మందు గాడిలో పడుతోంది. ప్రోగ్రాం తప్పు చేయలేదు, నువ్వు అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అంతే. నెట్రాప్సిన్ లాంటి మందులకు ఇదే 1బిఎన్ఏ బాగా సరిపోతుంది. అవి నిజంగానే ఏ-టీ జతలు (ఏ, టీ, సీ, జీ అనేవి డీఎన్‌ఏ బేస్‌ల పొట్టి పేర్లు) వరసగా ఉన్నచోట ఆ గాడిలో కూర్చునేవి.

నువ్వు ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి 1డి12 ఫైల్ తీసుకో. అది సీజీఏటీసీజీ అనే ఆరు జతల డీఎన్‌ఏలో డాక్సోరూబిసిన్ దూరి ఉన్న స్ఫటికం. తెరవగానే ఒక్క పోగు, ఒక్క మందు అణువే కనపడుతుంది, కంగారు పడకు. స్ఫటికం సౌష్ఠవం వల్ల సగమే రాసి ఉంటారు. బయలాజికల్ అసెంబ్లీ అని ఉండే ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే రెండు పోగులు, రెండు మందులు వస్తాయి. చివర ఉన్న సీ-జీ మెట్ల దగ్గర చెరొకటి దూరి ఉంటాయి. అందులోంచి ఒక మందును తీసేసి, అదే మందును మళ్లీ డాక్ చెయ్యి. అసలు చోటుకు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తేడాతో తిరిగి వస్తే నీ సెట్టింగులు నమ్మవచ్చు. రాకపోతే కొత్త అణువుల జోలికి పోవద్దు. ఇంకో మాట, చక్కెర మీది అమైన్ గుంపుకు శరీరంలో ఒక హైడ్రోజన్ ఎక్కువ చేరి ప్లస్ ఛార్జ్ ఉంటుంది. వీనా స్కోరులో ఛార్జ్ లెక్కకు రాదు, కానీ కింద చెప్పే మాలిక్యులర్ డైనమిక్స్‌కు ఫైల్ తయారుచేసేటప్పుడు అది వదిలేస్తే డీఎన్‌ఏ మైనస్ ఛార్జ్ పట్ల ఆకర్షణ తప్పుగా వస్తుంది.

స్కోరు గురించి కూడా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మోసపోయేది అక్కడే. 25 డిగ్రీల దగ్గర 1.36 కిలోకేలరీల తేడా అంటే అతుక్కునే బలంలో పదింతల తేడా. వీనా అంచనాల్లో సాధారణంగా 2 నుంచి 3 కిలోకేలరీల తప్పు ఉంటుంది. అంటే వందింతల దాకా అటూ ఇటూ. అట్లాంటప్పుడు ఒక అణువుకు మైనస్ 8.6, ఇంకోదానికి మైనస్ 9.1 వచ్చిందని, రెండోది మంచి మందు అని థీసిస్‌లో రాయడం ఎట్లా కుదురుతుంది?

నీకు ఓపిక, మంచి కంప్యూటర్ ఉంటే తర్వాతి మెట్టు మాలిక్యులర్ డైనమిక్స్, అంటే అణువుల కదలికలను అడుగడుగునా లెక్కించడం. ఇక్కడ డీఎన్‌ఏ కూడా కదులుతుంది, చుట్టూ నీళ్లు ఉంటాయి, ఉప్పు అయాన్లు ఉంటాయి. లెక్క సరిగ్గా ఉందో లేదో ముందే చేతితో చూసుకో. 1బిఎన్ఏకి పోగుకు 11 చొప్పున 22 ఫాస్ఫేట్లు, కాబట్టి సమం చేయడానికి 22 సోడియం అయాన్లు కావాలి. 1డి12కి 10 ఫాస్ఫేట్లు, రెండు మందుల ప్లస్ ఛార్జ్ తీసేస్తే 8 చాలు. ఫోర్స్ ఫీల్డ్‌కి, అంటే పరమాణువుల మధ్య బలాలు చెప్పే సూత్రాలకు, పార్మ్-బీఎస్‌సీ1 వాడు, అది ప్రత్యేకంగా డీఎన్‌ఏ కోసం సరిచేసింది. దూరం నుంచి పనిచేసే విద్యుత్ బలాలను కత్తిరించొద్దు, పార్టికల్ మెష్ ఈవాల్డ్ పద్ధతి పెట్టు. ఆ పద్ధతి రాకముందు, 1990ల మొదట్లో, కంప్యూటర్‌లో డీఎన్‌ఏ కొంతసేపటికే విడిపోయేది. ఒక నానోసెకండు అంటే 10 లక్షల ఫెమ్టోసెకండ్లు. అడుగుకు 2 ఫెమ్టోసెకండ్లు పెడితే ఒక్క నానోసెకండు చూడటానికే 5 లక్షల అడుగులు వేయాలి. మందు తనంతట తాను డీఎన్‌ఏ తెరుచుకుని లోపలికి దూరేది మాత్రం ఇంత తక్కువ సమయంలో చూడలేవు. లోపల పెట్టి మొదలుపెట్టి, నిలబడుతుందో లేదో చూడు.

నువ్వు కెమిస్ట్రీ విద్యార్థివి, ల్యాబ్‌ను వదలకు. దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏ ద్రావణంలో మందు కొద్దికొద్దిగా కలుపుతూ స్నిగ్ధత (చిక్కదనం) కొలువు. మందు జతల మధ్య దూరితే డీఎన్‌ఏ పొడవవుతుంది, స్నిగ్ధత పెరుగుతుంది. గాడిలో కూర్చుంటే పెద్దగా మారదు. డీఎన్‌ఏ జతల మధ్య దూరే ఎథిడియం బ్రోమైడ్ అనే రంగును తోసేసే ప్రయోగం అందరూ చేస్తారు కానీ గాడిలో కూర్చునే మందు కూడా ఎథిడియంను తోసేయగలదు, అది ఒక్కటే సాక్ష్యం కాదు. మా ల్యాబ్‌లో స్నిగ్ధత కొలిచే ఉబలోడే విస్కోమీటరు మే నెలలో భలే సతాయించేది. గది 40 డిగ్రీలు దాటితే నీటి తొట్టి 25కి దిగేది కాదు. అటెండరు బజారు నుంచి ఐసు తెస్తే ముక్కలు వేసుకుంటూ కూర్చునేవాళ్లం. అర డిగ్రీ తేడాతో స్నిగ్ధత మారిపోతుంది, కాబట్టి నువ్వు ఆ కొలతలు డిసెంబరు, జనవరిలో పెట్టుకో. ఎథిడియం ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.

ప్రశ్న: మా మామకు కీమో నడుస్తోంది. మా పక్క కొండల్లో దొరికే ఒక మొక్కలోని పదార్థం కంప్యూటర్ పరీక్షలో డాక్సోరూబిసిన్ కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుందని వాట్సాప్‌లో వచ్చింది. అప్పటినుంచి కీమో మానేసి ఆకు కషాయం తాగుతా అంటున్నాడు. ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: కీమో మానొద్దని చెప్పండి. ఈ పత్రిక ఆయన చేతికిచ్చి ఈ ముక్క చదివించండి.

అయ్యా, మీరు చూసిన మార్కులు పై జవాబులో చెప్పిన స్కోరే. పెద్దగా, చదునుగా ఉన్న ఏ అణువుకైనా ఆ ప్రోగ్రాం మంచి స్కోరు ఇస్తుంది. అది చూసేది ఒక్కటే: ఈ అణువు ఈ గుంతలో ఎంత సర్దుకుంటుంది? కడుపులో అరిగి రక్తంలోకి పోతుందా, కాలేయం విరిచేస్తుందా, గడ్డ దాకా చేరుతుందా, గుండెను దెబ్బతీస్తుందా, ఇవేవీ దానికి తెలియవు. ఎథిడియం బ్రోమైడ్ సంగతే తీసుకోండి. డీఎన్‌ఏకి గట్టిగా అతుక్కుంటుంది, చాలా ల్యాబ్‌లలో దాన్ని డీఎన్‌ఏ కనపడటానికి రంగుగా వాడతారు. దాన్ని ఎవరూ మనిషికి క్యాన్సర్ మందుగా ఇవ్వరు, చేతికి తగలనివ్వరు. డీఎన్‌ఏకి అతుక్కోవడం మందు కావడానికి సరిపోదు.

డానోరూబిసిన్‌కీ డాక్సోరూబిసిన్‌కీ మధ్య తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. డీఎన్‌ఏలో రెండూ దాదాపు ఒకే తీరుగా కూర్చుంటాయి. అయినా మొదటిది ముఖ్యంగా రక్త క్యాన్సర్లకు వాడతారు, రెండోది రొమ్ము క్యాన్సర్ నుంచి లింఫోమా దాకా ఎన్నింటికో. స్ఫటికంలో దాదాపు ఒకేలా కనపడేవే మనిషి శరీరంలో ఇంత వేరుగా నడుచుకుంటే, ఫోన్‌లో వచ్చిన ఒక్క అంకెను నమ్మి ప్రాణాన్ని పణంగా పెట్టొచ్చా?

మొక్కల నుంచి క్యాన్సర్ మందులు వచ్చాయి, నిజమే. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. కానీ ఆకులో ఆ పదార్థం ఉండేది అతి కొంచెం. దాన్ని టన్నుల ఆకు నుంచి వేరుచేసి, శుద్ధిచేసి, మనుషుల మీద జాగ్రత్తగా పరీక్షించాకే మందు అయింది. విన్‌క్రిస్టిన్ పెద్దవాళ్లకు సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, దాటితే నరాలు దెబ్బతింటాయి. దోసిలి ఆకుల్లో ఎంత ఉందో కషాయం కాచేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఇప్పటికే ఏదైనా కషాయం తాగుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. కొన్ని మొక్కలు కీమో మందును కాలేయం విరిచే తీరునే మార్చేస్తాయి. కీమో విడత (సైకిల్) తప్పించుకోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. తేదీ దాటిపోయి ఉంటే ఈ వారమే ఆసుపత్రికి తీసుకుపోండమ్మా.

ప్రశ్న: ప్లాటినం మందు కూడా ఇట్లే డీఎన్‌ఏ మధ్యలో దూరుతుందా?
— డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: లేదు పాపా. సిస్‌ప్లాటిన్ దూరదు, కట్టేస్తుంది. బార్నెట్ రోజెన్‌బర్గ్ 1965లో బాక్టీరియా మీద విద్యుత్తు ప్రభావం చూస్తూ, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చిన పదార్థం వాటి విభజనను ఆపుతోందని కనిపెట్టాడు. 1978లో అది అమెరికాలో మందుగా వచ్చింది. కణం లోపల క్లోరైడ్ తక్కువ కాబట్టి దాని క్లోరిన్లు ఊడి, నీళ్లు చేరి, ఆ తర్వాత పక్కపక్కనున్న రెండు గ్వానీన్ల (జీ బేస్‌ల) నైట్రోజన్లను పట్టుకుంటుంది. డీఎన్‌ఏ అక్కడ వంగిపోతుంది. కొత్త రసాయన బంధం ఏర్పడుతుంది కాబట్టి మామూలు డాకింగ్ ఇక్కడ పనికిరాదు, క్వాంటం లెక్కలు చేయాలి. ట్రాన్స్‌ప్లాటిన్‌లో పరమాణువులన్నీ అవే, అమరిక ఒక్కటే వేరు, కానీ అది క్యాన్సర్ మందుగా పనిచేయదు. ఐసోమెరిజం పాఠం చదివేటప్పుడు ఈ జంటను గుర్తుపెట్టుకో.

ప్రశ్న: మన యల్లాప్రగడ సుబ్బారావుగారి మెథోట్రెక్సేట్ కూడా డీఎన్‌ఏకి అతుక్కునేదేనా?
— ఉపాధ్యాయుడు, ఆళ్లగడ్డ

జవాబు: కాదండీ. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో నడిపించిన పని నుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అదుపులోకి తెచ్చి, 1948లో ప్రచురించాడు. మెథోట్రెక్సేట్ ఆ తోవలోదే. ఇవి డీఎన్‌ఏను ముట్టుకోవు. ఫోలేట్ అనే విటమిన్‌ను వాడుకునే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌లో కూర్చుని, డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన సరుకు తయారుకాకుండా ఆపుతాయి. మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది కాబట్టి దానిలాగే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 1970ల చివర స్ఫటికం బొమ్మలతో మొదలైన పరిశోధనలో తేలింది ఏమిటంటే, దాని తల భాగంలోని వలయాలు ఫోలేట్‌తో పోలిస్తే 180 డిగ్రీలు తిరిగి కూర్చుంటాయి. పోలిక చూసి మోడల్ గీసి ఉంటే తప్పు గీసేవాళ్లు. పదో తరగతి పిల్లలకు సుబ్బారావుగారి గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి, వాళ్లు బాగా వింటారు.

ప్రశ్న: ఇవన్నీ ఇంట్లో లాప్‌టాప్‌తో నేర్చుకోవచ్చా? మా కాలేజీలో సాఫ్ట్‌వేర్ కొనలేదు.
— బీఎస్సీ విద్యార్థిని, ధర్మవరం

జవాబు: నేర్చుకోవచ్చు తల్లీ. కొనాల్సిన పనే లేదు. 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో డీఎన్‌ఏ ఫైళ్లు కూడా ఉన్నాయి, అన్నీ ఉచితం. వీనా ఉచితం, డైనమిక్స్ చేసే గ్రోమాక్స్ ఉచితం. ఐఐటీ ఢిల్లీ వాళ్లు సంజీవిని పేరుతో మందుల డిజైన్‌కు పనిముట్లు తయారుచేశారు, వాటినీ చూడు. డాకింగ్‌కు మామూలు లాప్‌టాప్ చాలు. డైనమిక్స్‌కు గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిది, లేకపోతే 1డి12 లాంటి చిన్న ముక్కతో మొదలుపెట్టు. లైనక్స్ నేర్చుకో, మొదటి వారం చిరాకు పుడుతుంది, తర్వాత చేతికి అలవాటవుతుంది. మొదటి నెలంతా డాకింగ్ చేయకుండా బొమ్మలే తిప్పి చూడు, దూరాలు కొలువు, ఏ నైట్రోజన్ ఎక్కడుందో నోట్‌బుక్‌లో గీయి. రన్ పెట్టి పడుకున్నాక రాత్రి కరెంటు పోతే దిగులు పడకు. గ్రోమాక్స్ మామూలుగా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ ఫైల్ రాసుకుంటుంది. పొద్దున లేచి అక్కడి నుంచే కొనసాగించొచ్చు.